ప్లే డే

గోదావరిఖని చౌరస్తాలో వారమంతయు వినవచ్చు మాటలలో పొరుగూరివానికి ఒకపట్టున బోధపడనిది యొకటి కలదు. టీ బంకుకడ నిలిచిన ఇద్దరు కార్మికులలో ఒకడు రెండవవానిని, "ఈ ఆదివారం నీకు ప్లే డే పడ్డదా అన్నా?" అని యడుగును, పడినదని యాతడు బదులు చెప్పినచో అడిగినవాని ముఖమున కించిత్తు అసూయ తోచును. ఆ సంభాషణము నాలకించి, ఆదివారమునాడేదో క్రీడోత్సవము జరుగనున్నదనుకొని, మైదానమెక్కడనని విచారించిన కొత్తవాడు నవ్వులపాలు గాక తప్పదు. ప్లే డే యనగా మాటవరుసకు ఆటదినమే గాని, సింగరేణి సీమలో దాని యర్థము వారపు సెలవునాడు సైతము బాయికి, అనగా గనికి, పోయి, ఒక్కనాటి పనికి రెండునాళ్ల వేతనము గడించుట. ఆ దినములు తగ్గినప్పుడు కార్మికులు నొచ్చుకొందురు, సంఘములు గొంతెత్తును. ఆట తప్పినదని గాదు, ఆటనాటి పని తప్పినదని.

ఇట్టి తలక్రిందుల మాట ఎట్లు పుట్టినదని నేను చాలకాలము ఆలోచించితిని. ఇంగ్లండు ఉత్తర మండలములందును స్కాట్లండునందును గని మూతపడియున్న దినమును గని ఆడుచున్నదనుట పాతకాలపు వాడుక. యార్కుషైరు గనికార్మికుని మాండలికములో ఆడుకొనుటకును పనిలేక యుండుటకును క్రియాపద మొక్కటియే. ఇంక్లైను, షాఫ్టు, షిఫ్టు, ఓవర్‌మన్, షాట్‌ఫైరర్ మున్నగు పలుకుబడి యంతయు ఏ యోడనుండి దిగినదో ప్లే డేయును ఆ యోడనుండియే దిగియుండవలెను. ఐతే అక్కడి యర్థము సెలవు. ఇక్కడి యర్థము సెలవును అమ్ముకొనుట. ఆరుబయట మనుష్యుని ఆడించుట, నడిపించుట, కొండ యెక్కించుట, అడవి చూపించుట అనునది ఒక విద్యగా, ఒక జీవనోపాధిగా ఎట్లు రూపొందినది, సెలవునమ్ముకొను ఈ బొగ్గుసీమలో దాని యడుగుజాడ లెచ్చట నున్నవి యను చరిత్రయే నేనిచట చెప్పబూనినది.

సింగరేణి పుట్టుక పలువురు పలుమారులు చెప్పినదే కావున క్లుప్తముగా స్మరించెదను. 1871లో భారత భూగర్భ పరిశీలనశాఖకు చెందిన డాక్టరు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గుపొరను కనుగొనెను. 1886లో ఇంగ్లండున స్థాపితమైన హైదరాబాదు దక్కను కంపెనీ తవ్వకపు హక్కులను సంపాదించెను. 1889 నుండి బొగ్గు వెలికివచ్చుట ఆరంభమాయెను. 1920 డిసెంబరు 23వ తేదీన సింగరేణి కాలరీసు కంపెనీ ఆ పేరుతో అవతరించెను. 1945లో దాని వాటాలలో అధికభాగమును నిజాము ప్రభుత్వము కొనెను. రామగుండము వంతు మిక్కిలి ఆలస్యముగా, 1960 దశకమున వచ్చినది. గోదావరికి దక్షిణపుటొడ్డున ఒక్కొక్క ఇంక్లైనే తెరచుకొనగా, దానిచుట్టు నొక్కొక్క కాలనీ వెలసినది. నది పేరును గని పేరును కలసి ఊరిపేరైనది. ఇంక్లైనుల అంకెలు పేటల పేర్లైనవి. ఎనిమిదవ ఇంక్లైను కడ పుట్టిన పేటను జనము యైటింక్లైన్ కాలనీ యని యొకే యూపిరిలో పలుకుదురు. ఆ మాటను ఇంగ్లీషని యచట నెవ్వరును అనుకొనరు. శతాబ్ది సందర్భమున పేరుపొందిన సెంటినరీ కాలనీయు నట్టిదే.

భూగర్భమున పనిచేయువానికి ఆరుబయలనగా నేమో, పంకా క్రింద కూర్చుండి వ్రాయు మాబోంట్లకు తెలియుట కష్టము. నడుమునకు బ్యాటరీ పట్టెడ బిగించి, టోపీకి దీపము తగిలించి, మూడవ షిఫ్టువాడు లోకము నిద్రించువేళ ఏటవాలు త్రోవలో దిగిపోవును. లోన ఎండయు లేదు, వానయు లేదు, ఋతువును లేదు. ఉక్కయు, చెమటయు, పైకప్పు చేయు చప్పుడును మాత్రము కలవు. ఆ చప్పుడును వినుటయే యచట ప్రధానమైన విద్య. తెల్లవారినపిమ్మట అతడు మొగదలకు వచ్చి, వెలుతురునకు కన్నులు చిట్లించి, మొదట ఆకాశమువంక చూచి, తరువాత బీడీ వెలిగించును. లోపల అగ్గిపెట్టె నిషిద్ధము గదా. ఆ యాకాశము చూచు క్షణకాలమున్నదే, విశ్వవిద్యాలయముల భాషలో ఆరుబయటి వినోదమను దానికి మూలధాతువు అదియేయని నా నమ్మకము. పొలముగట్టున పనిచేయువానికి విశ్రాంతి యనగా నీడ. బాయిపనివానికి విశ్రాంతి యనగా వెలుతురు.

ఈ సీమవారికి వెలుతురులోనికి పోవు ఆచారములు కంపెనీ రాకముందే కలవు. తెలంగాణమున చెట్లతీర్థమను నొక సంప్రదాయము కలదు: ఇల్లు తాళమువేసి, బండలును గిన్నెలును కోళ్లును మోసికొని, ఊరిబయటి చింతతోపునకో మామిడితోటకో పోయి, మూడురాళ్ల పొయ్యిమీద వండి, చెట్టుక్రింద తిని, పొద్దుగ్రుంకువేళకు మరలివచ్చుట. కార్తికమున వనభోజనములు కలిగినవారి పండుగ. చెట్లతీర్థమున కట్టి భేదము లేదు. రామగుండమునకు పేరిచ్చిన రామునిగుండములు ఊరి కొండమీదనే యున్నవి. వనవాసకాలమున రాముడు సంచరించెనని స్థలపురాణము చెప్పును. వానకాలమున నవి నిండి, రాతి మడుగులనుండి నీరు మడుగులలోనికి జారుచుండగా, పిల్లలు పెద్దలు తేడాలేక అందు మునుగుదురు. సెంటినరీ కాలనీకి చేరువనే రామగిరి ఖిల్లా కలదు. శ్రావణమాసమున దానిమీదికి జనము చీమలబారువలె నెక్కుదురు. ఆ గుట్టమీద ఔషధీలతలు సమృద్ధిగా నుండుటచేత వృక్షశాస్త్రపు విద్యార్థులును ఆయుర్వేద విద్యార్థులును సంచులు భుజమున వైచుకొని వచ్చుట ఏటేట జరుగునదే. ఒకే మెట్టుమీద మ్రొక్కుబడివాడు, పిక్నిక్కువాడు, ఆకు కోసి కాగితములమధ్య నొత్తు విద్యార్థి ఒకరినొకరు తప్పుకొని పోవుచుండుట చూచితిని. ఆ ముగ్గురికి త్రోవచూపి, జారుడుబండ యెచ్చటనో, కోట బురుజు ఏ కాలపుదో, ఏ తీగ తాకరాదో చెప్పగలవాడొకడు ఆ మెట్లకడ నుండినచో వాని వృత్తియే మన విషయము.

సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రమును వెలువరించినప్పుడు, రాజుల యుద్ధములకంటె జనుల యాటపాటలకు, వేడుకలకు ఎక్కువ చోటిచ్చిరి. తెలుగునకు మొదటి సాహిత్య అకాడమీ పురస్కారము 1955లో ఆ గ్రంథమునకే వచ్చినది. జనులెట్లు ఆడుకొనిరనునది చరిత్రయేయని మనకు నేర్పినవారాయన. ఆయన చూపిన దారిన పోయినచో, బొగ్గుసీమ చరిత్రలో టన్నుల లెక్కతోపాటు ఆటల లెక్కయు నుండవలసినదే.

ఆ లెక్కలో 1920వ సంవత్సరము విచిత్రమైనది. సింగరేణి కాలరీసు కంపెనీ అవతరించిన ఆ యేటనే బ్రిటిషు పార్లమెంటు గనుల పరిశ్రమ చట్టమును చేసి, వెలికివచ్చు ప్రతి టన్ను బొగ్గునకు ఒక పెన్నీ చొప్పున గనికార్మికుల సంక్షేమనిధికి కట్టవలెనని విధించెను. ఆ పెన్నీలతో బ్రిటను గనిపల్లెలలో ఆటమైదానములు, పార్కులు, సమావేశమందిరములు, తరువాతి కాలమున గనిమొగదల స్నానశాలలు లేచినవి. మసితో ఇంటికి పోయి నట్టింట తొట్టిలో కడుగుకొను కాలము గతించి, గనికడనే వేడినీట స్నానముచేసి, శుభ్రమైన బట్టలు తొడుగుకొని, నేరుగా మైదానమునకు పోవు కాలము వచ్చినది. బొగ్గుటన్నులో ఆటకు వాటా కలదని చట్టము తొలిసారిగా ఒప్పుకొనినది అప్పుడే. మన దేశమున ఆ యూహకు 1947 నాటి బొగ్గుగనుల కార్మిక సంక్షేమనిధి చట్టము రూపమిచ్చెను. గృహములు, వైద్యము, విద్యలతోపాటు వినోదమును ఆ చట్టము తన పద్దులలో చేర్చినది.

అదే 1920లో మదరాసున మరియొక పని జరిగినది. హ్యారీ క్రో బక్ అను అమెరికనుడు వై.ఎం.సి.ఏ. పక్షమున వ్యాయామవిద్య నేర్పు ఉపాధ్యాయులకు శిక్షణశాల నొకదానిని నెలకొల్పెను. నేడు నందనమున నున్న వై.ఎం.సి.ఏ. శారీరకవిద్యా కళాశాలకు అదియే మొదలు. ఆటలాడుట వేరు, ఆడించుట వేరు. ఆడించుటకు శరీరశాస్త్రము, మనశ్శాస్త్రము, శిబిరనిర్వహణము, ప్రథమచికిత్స తెలియవలెనను భావము మన దేశమున బడిరూపము దాల్చినది అక్కడనే. మదరాసు రాజధానిలోని తెలుగు జిల్లాల డ్రిల్లు మాస్టర్లకు సైదాపేటదారి కాశీదారివంటిదాయెను. అంతకుముందు మనకు గురుకులములు లేవా యనిన, తాలింఖానాలు కలవు. సాముగరిడీలు నేర్పు ఉస్తాదులు కలరు. విజయనగరమున కోడి రామమూర్తినాయుడుగారి వ్యాయామశాల కలదు. కాని ఉస్తాదు తన విద్యను శిష్యుని వీపుమీద చరచి యిచ్చును గాని కాగితముమీద వ్రాసి యీయడు. కాగితము లేనివానికి ఉద్యోగము లేదు. 1931లో హైదరాబాదునందు ప్రభుత్వ శారీరకవిద్యా కళాశాల వెలసినపిమ్మట నిజాము రాజ్యపు విద్యార్థికి మదరాసు పోవు ప్రయాస తగ్గినది. దోమలగూడలో నేటికిని నడచుచున్న ఆ కళాశాలలో చదివి వచ్చినవాడే ఊరూరి హైస్కూళ్లలో పీఈటీ సారు; కళాశాలలలో ఫిజికల్ డైరెక్టరు.

ఈ పీఈటీ సారును గూర్చి నిలిచి రెండుమాటలు చెప్పకపోయినచో దోషము. గోదావరిఖని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియమున వేసవి శిబిరపు తొలినాడు, సూర్యుడింకను థర్మల్ పొగగొట్టముల వెనుకనే యుండగా, ఒక సారు అడుగున చిల్లులు పొడిచిన డాల్డా డబ్బాలో సున్నపుపొడి నింపి, త్రాటిని ఒక చివర కాలితో త్రొక్కిపట్టి, రెండవ చివరను ఒక పిల్లవానిచేత పట్టించి, డబ్బాను తట్టుచు వెనుకకు నడచిపోవుచుండెను. ఆతని వెనుక తెల్లని గీత పుట్టుచుండెను. గీత వంకరపోయినచోట ఆగి, చెప్పుతో చెరిపి, మరల గీచెను. రామగుండమున మే నెలలో ఉదయము ఏడు దాటినచో నేల కాలును. అందుచేత సారు తొందర యంతయు నెండతోడి పందెమే. ఎనిమిదింటికి పిల్లలు ఇండ్లకు పోవలెను. ఆ గీతమీద పరుగెత్తిన యేబదిమందిలో ఒక్కరు పతకము తెచ్చినను పేరు పిల్లవానికే వచ్చును. డబ్బాను తట్టిన చేయి పత్రికలలో పడదు.

ఈ ఉద్యోగమునకు దారి యేమనగా, శారీరకవిద్యలో డిప్లమాకు గాని బి.పి.ఎడ్. పట్టమునకు గాని చేరగోరువారు పీసెట్ అను ప్రవేశపరీక్షకు నిలువవలెను. అందు కలముతో పనిలేదు. పరుగెత్తవలెను, గుండు విసరవలెను, దుముకవలెను, ఒక యాటలో నైపుణ్యము చూపవలెను. కప్పులేని పరీక్షామందిర మది. చేరినపిమ్మట మాత్రము కలము తప్పదు: శరీరనిర్మాణము, శిక్షణశాస్త్రము, వినోదక్రీడలు, శిబిరజీవనము అన్నియు చదువవలసినవే. ఈ దారిన నడచినవారిలో హైదరాబాదు కీర్తి సయ్యద్ అబ్దుల్ రహీమ్‌గారు ఒకరు. బడిపంతులుగా జీవితము నారంభించి, శారీరకవిద్యలో డిప్లమా సంపాదించి, భారత ఫుట్‌బాల్ జట్టునకు శిక్షకుడై, 1951లో ఢిల్లీలోను 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకములను తెచ్చెను. నడుమ 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సున నాలుగవ స్థానము. క్షయించిన ఆరోగ్యముతో 1963లో ఆయన గతించెను. బడిపంతులను పేరు ఆయన తుదిదాక వదలుకొనలేదు. జనమాయనను రహీమ్‌సాబని పిలిచిరి.

బొగ్గుసీమలో ఈ విద్యకు రెండవ ద్వారము సంక్షేమాధికారి పదవి. 1952 నాటి గనుల చట్టము వారమునకు ఆరుదినములకంటె మించి యెవనిచేతను పనిచేయించరాదని శాసించినది. 1955 నాటి గనుల నియమావళి అయిదువందలమందికి తక్కువగాక కార్మికులున్న ప్రతి గనికి ఒక సంక్షేమాధికారి నుంచవలెనని విధించి, అతనికి విశ్వవిద్యాలయ పట్టమును, సామాజికశాస్త్రమునందో కార్మిక సంక్షేమమునందో శిక్షణమును ఉండవలెనన్నది. అనగా కార్మికుని విశ్రాంతి సంగతి చూచుట కొక చదువుకొనిన మనుష్యుడు అవసరమని రాజ్యమే ఒప్పుకొనినది. సింగరేణిలో వర్క్ పీపుల్స్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ అను పొడవాటి పేరుగల సంస్థ కలదు; ఏరియాల నడుమ పోటీలు, కోల్ ఇండియా సంస్థలతోడి పోటీలు దాని చేతిమీదుగా జరుగును. కొత్తగూడెమున ప్రకాశము స్టేడియము, బెల్లంపల్లిలో తిలక్ స్టేడియము, గోదావరిఖనిలో నెహ్రూ స్టేడియము—స్వాతంత్ర్యోద్యమపు త్రిమూర్తులు బొగ్గుసీమ మైదానములకు పేర్లై నిలిచిరి. ఐనను నా విమర్శ యేమనగా, ఈ ఏర్పాటులన్నియు ఆటను పోటీగానే యెంచినవి. గెలుచువానికి కప్పు కలదు; గెలువనివాడు, గెలువగోరనివాడు, నలువదేండ్ల మోకాళ్ల నొప్పులవాడు, వాని భార్య—వీరు ప్రేక్షకుల వరుసకే పరిమితమైరి.

పోటీ లేని ఆరుబయలును ప్రపంచము వేరొక విద్యగా మలచినది. అమెరికాలో 1916లో జాతీయవనముల సేవాసంస్థ యేర్పడి, అడవికి వచ్చువానికి అడవిని చెప్పు రేంజరను ఉద్యోగిని సృష్టించెను; ఆ చెప్పుట యెట్లో ఫ్రీమన్ టిల్డెన్ 1957లో ఒక గ్రంథముగా వ్రాసి, సమాచారము ఒప్పగించుట వేరు, చూచువానిలో ఆసక్తి రగుల్కొల్పుట వేరని వివరించెను. 1941లో వేల్సు సముద్రతీరమున అబెర్‌డోవీ కడ కర్ట్ హాన్, లారెన్సు హోల్టు అనువారు యుద్ధకాలపు యువనావికులకై పాఠశాల పెట్టి, తెరచాప, కొండ, చలి యను మూడింటిని పాఠ్యపుస్తకములుగా చేసిరి. ఔట్‌వర్డ్ బౌండ్ అను ఆ ఉద్యమము ఖండాంతరముల కెగబ్రాకినది. క్రమముగా పాశ్చాత్య విశ్వవిద్యాలయములలో ఆరుబయటి వినోదము ఒక పట్టవిషయమాయెను. విద్యార్థి అందు చదువునది ఆట కాదు. ఆటకు ముందువెనుకల సంగతి. ప్రమాదమును ముందుగా కొలుచుట, ఆసుపత్రికి దూరమైనచోట ప్రాణము నిలుపుట, పదిమంది అపరిచితులను ఒక త్రాటిమీద నడిపించుట, వేయిమంది త్రొక్కిన దారి మరల పచ్చబడునట్లు చూచుట, వికలాంగుడును కొండగాలి పీల్చునట్లు ఏర్పాటు చేయుట. చదివినవారు వనరక్షకులు, వ్యాఖ్యాతలు, శిబిరాధిపతులు, పురపాలకుల వినోదశాఖాధికారులు, ఆసుపత్రులలో ఆటచేత రోగిని కోలుకొనజేయు చికిత్సకులు అగుదురు.

ఇది యంతయు వేడుక చదువని వెక్కిరించువారు మనలో కలరు. ఒక వానకాలమున నేనొక సాహసయాత్రా సంఘమువారి వెంట జలపాతము చూడబోయితిని. వారు రుసుము పుచ్చుకొనిరి, టీషర్టులు పంచిరి, బృందఛాయాచిత్రము తీసిరి. త్రాడు మాత్రము తేలేదు. నడకలో ఒకడు కాలుజారి మడమ బెణికించుకొనగా కట్టుకట్టుటకు గుడ్డ లేక, ఆ టీషర్టులలో నొకదానిని చింపవలసివచ్చెను. ఆ చదువు దేనికని యడుగువారికి నేను చెప్పు సమాధానము ఆ చినిగిన చొక్కాయే.

మన విశ్వవిద్యాలయములలో ఈ విద్య లేదని చెప్పరాదు, ఒక్కచోట లేదు. దాని కాళ్లు శారీరకవిద్యాశాఖలోను, నోరు పర్యాటకశాఖలోను, కన్నులు అటవీశాఖలోను ఉన్నవి. వరంగల్లు కాకతీయ విశ్వవిద్యాలయమున చరిత్రశాఖయే పర్యాటక నిర్వహణమును గూడ బోధించును. ఇది నాకు మిక్కిలి సబబుగా తోచును, ఏలననగా కోటను చూపువానికి కోట చరిత్ర తెలియకపోయినచో వాడు ఫొటోగ్రాఫరు మాత్రమే. హైదరాబాదు గచ్చిబౌలిలో పర్యాటక ఆతిథ్య నిర్వహణ జాతీయసంస్థ 2004 నుండి నడచుచున్నది. సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల 2016లో తెరువబడినది. ఒక విద్యార్థి ఈ మూడింటిని కలిపి చదువగోరినచో మూడూళ్లు తిరుగవలెను.

కొండ సంగతి మరియు విచిత్రము. డార్జిలింగులో హిమాలయ పర్వతారోహణ సంస్థ 1954లోను, ఉత్తరకాశిలో నెహ్రూ సంస్థ 1965లోను వెలసినవి. అచటి ప్రాథమిక, ఉన్నత కోర్సులు ముగించి, బోధనాపద్ధతి కోర్సును గూడ పూర్తిచేసినవానికి శిక్షకుడను యోగ్యత వచ్చును. తెలుగుదేశమున కొండ పాఠము చాలకాలము బడివెలుపలనే నడచినది. నెల్లూరు జిల్లావాడైన మల్లి మస్తాన్‌బాబు కోరుకొండ సైనిక పాఠశాలలో చదువుచుండగా, 1985లో ఎవరెస్టుపై అసువులు బాసిన ఆ బడి పూర్వవిద్యార్థి ఉదయభాస్కరరావు విగ్రహమును చూచి కొండలపై మనసుపడెను. ఇంజనీరింగును, మేనేజిమెంటును మేటి సంస్థలలో చదివి, 2006లో ఏడు ఖండముల ఏడు శిఖరములను 172 దినములలో ఎక్కి, 2015లో ఆండీసు పర్వతములలో మరణించెను. ఆతడు చదివిన పెద్ద చదువులలో నేదియును ఆతనికి కొండ నెక్కుట నేర్పలేదు. ఈలోపల భువనగిరి వచ్చినది. చాళుక్యుల కోట గల ఆ యేకశిలా పర్వతముమీద రాళ్లెక్కు శిక్షణనిచ్చు బడిలో శేఖర్‌బాబు బచినేపల్లిగారి చేతిక్రింద సాంఘిక సంక్షేమ గురుకులముల పిల్లలు త్రాడు పట్టుట నేర్చిరి. వారిలో నిజామాబాదు జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనందకుమారు 2014 మే 25న ఎవరెస్టు శిఖరమున నిలిచిరి. పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. కూలి కుటుంబపు పిల్ల శిఖరమెక్కినదని లోకము మెచ్చినది. నేను మెచ్చునది అంతకుముందు భువనగిరి బండమీద ఆమె కాలిమడమకు చోటు చూపిన వానిని.

మరల బొగ్గునకు వత్తము. వేల్సులో బిగ్ పిట్ అను గని 1980లో మూతపడి, 1983లో సందర్శకులకు తెరువబడినది. లోనికి దిగువారికి దారిచూపువారు ఆ సీమ పాతగనికార్మికులే. సందర్శకునికి టోపీ, దీపము, పట్టెడ తొడిగి, వాచీని, అగ్గిపెట్టెను పైననే ఉంచుకొని, లోనికి కొనిపోయి, ఒకచోట దీపములన్నియు ఆర్పింతురు. ఆ చీకటిని చూచినవాడు దానిని మరువడు. జర్మనీ రూర్ సీమలో డ్యూయిస్‌బర్గ్ కడ 1985లో మూతపడిన ఇనుపకర్మాగారము పార్కుగా మారినది. ఖనిజము నింపు గోడలమధ్య పర్వతారోహకులు మేకులు కొట్టి అభ్యసింతురు. వాయువు నిలువచేయు తొట్టిని నీటితో నింపి మునుగుట నేర్తురు. అచటికి చేరువనే బోట్రాప్ నందు బొగ్గుమట్టి దిబ్బమీద మంచుజారుడుశాల కట్టిరి. మనకు మంచు లేదు, దిబ్బలకు కొదువలేదు. ఓపెన్‌కాస్టు వచ్చినపిమ్మట రామగుండము చుట్టును జనము మట్టిగుట్టలని పిలుచు కొత్తకొండలు మొలచినవి. వానిమీద కంపెనీ మొక్కలు నాటించినది. కొన్ని గుట్టలు అడవివలె పచ్చబడినవి. ఈ కొండలకు పురాణము లేదు, రాముడు నడువలేదు. వీనిని పుట్టించినవారి పిల్లలు ఆ క్రిందనే బడికి పోవుచున్నారు.

2022 డిసెంబరులో ఆర్టీసీవారు సింగరేణి దర్శనమను పేర బస్సు నడుపుట మొదలిడిరి. గోదావరిఖనిలోని ఏడు ఎల్‌ఈపీ గనిలోనికి దిగి, ఓపెన్‌కాస్టు గట్టుమీద నిలిచి, విద్యుత్కేంద్రము చూచి వచ్చునట్లు ఏర్పరచిరి. తమ తాతలు టీ బంకుకడ చెప్పుకొనిన లోకమును మనుమలు టిక్కెట్టు కొని చూచుట కొంద రెగతాళి చేసిరి, నేను చేయను. గనిని చూపుట గనిని తవ్వుటకంటె తక్కువ పని కాదు, చూపువానికి తెలిసినంతమేర. పైకప్పుమీద కఱ్ఱతో తట్టి, ఈ చప్పుడు మంచిది, ఈ చప్పుడు చెడ్డదియని చెప్పగల ఓవర్‌మన్‌లు ఈ ఊరి కాలనీలలో పింఛను తీసికొని, సాయంకాలములు స్టేడియము గట్టుమీద కూర్చుండియున్నారు. వారికి సభలో మాటాడుట రాదు. మాటాడ నేర్చిన పర్యాటక పట్టభద్రునికి పైకప్పు చప్పుడు తెలియదు. ఒకనికి తెలిసినది ఒకనికి నేర్పుటకే గదా విశ్వవిద్యాలయములు పుట్టినవి.

ఈ సీమకు విశ్వవిద్యాలయము దూరము కాదు. శాతవాహన విశ్వవిద్యాలయము 2008లో కరీంనగరమున స్థాపితమైనది. సెంటినరీ కాలనీలో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల కలదు. రామునిగుండములు, రామగిరి, మంథని చెంత శివారము అభయారణ్యపు మొసళ్ల మడుగు, ఎల్లంపల్లి జలాశయము, కవ్వాల పులుల అడవి, మట్టిగుట్టలు—ఇన్ని ప్రయోగశాలలు ఒక్క బస్సుదారిలో నున్న సీమ తెలుగునేల మీద మరియొకటి నాకు కనబడదు. కావున ఆ విద్యాపీఠముల పెద్దలకు నా విన్నపము: ఆరుబయటి విద్యకు పట్టమో డిప్లమాయో ఏర్పరచుడు, అందులో పింఛనుదారుడైన ఓవర్‌మన్‌కు గురుస్థాన మిండు, మొదటి తరగతిని భవనమున పెట్టక, ఏడు ఎల్‌ఈపీ మొగదల, మూడవ షిఫ్టు మనుష్యులు పైకి వచ్చు వేళను అనుకరించి, తెల్లవారుజామున పెట్టుడు. ఆదివారమైనచో మరియు మంచిది. మస్టరులో ఆ దినమునకు ప్లే డే యనియే వ్రాసికొనవచ్చును.